మా చర్చి హాలు మీటింగులకు జనం ఎందుకు తగ్గారో ఎవరైనా చెప్తారా?

గుట్టకింది ఊరు (చర్చ మొదలుపెట్టినవారు)
ఆదివారం, రాత్రి 10:52

అందరికీ వందనాలు. మాది దేవరకొండ వైపు ఒక మండల కేంద్రం. చర్చిలో యూత్ పనులు నేను చూస్తాను. సెప్టెంబర్ నుంచి ప్రతి నెలా నాలుగో ఆదివారం సాయంత్రం చర్చి పక్క హాల్లో ఒక మీటింగ్ పెడుతున్నాం. ఆరాధన కాదు. పాటలు ఉండవు, కానుకల సంచి తిరగదు. దేవుణ్ణి నమ్మేవాడికి ఊళ్లో జరిగే అన్యాయంతో ఏం పని అన్నదే విషయం. ఏ మతం వాళ్లయినా రావచ్చని ఆటోకు మైకు కట్టి చెప్పించాం.

మొదటిసారి నీళ్ల గురించి పెట్టాం. నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోవడం మా వైపు ఇంటింటి కథ కాబట్టి డెబ్బై మంది దాకా వచ్చారు. మర్రిగూడ వైపు నుంచి ఒక పెద్దాయన కొడుకు బండి మీద వచ్చాడు. ఆయనకు మెడ తిరగదు. ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు కుర్చీనే జరుపుకుంటూ కూర్చున్నాడు. గచ్చు మీద కుర్చీ కాళ్లు కీచుమన్నప్పుడల్లా మాట్లాడేవాళ్లు ఆగిపోయారు. చివర్లో ఆయన ఒక్కటే అడిగాడు: "మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చినయి, మంచిదే. మా వీపులు వంగినంక వచ్చినయి. మధ్యల అన్నేండ్లు మీ దేవుడు, మా దేవుడు ఏం జేస్తున్నట్టు?" మా పాస్టరు అయ్యగారు కూడా తల వంచుకున్నారు. నాకైతే అదే మంచి మీటింగ్ అనిపించింది.

అక్టోబర్‌లో కులం గురించి పెట్టాం. 19 మంది. నవంబర్‌లో ఆడవాళ్ల కూలి, ఇంటి పని గురించి. 16 మంది. అరవై మందికి పెట్టిన చాయ్ మిగిలిపోయింది, మిర్చి బజ్జీలు మూడిళ్లకు పంచాం. ఆదివారం ఆరాధనకు మాత్రం ఎవరూ తగ్గలేదు. తప్పు ఎక్కడుంది?

పత్తిచేను
ఆదివారం, రాత్రి 11:07

తమ్మీ, అక్టోబర్, నవంబర్ అంటే పత్తి ఏరే కాలం. పొద్దుగూకే దాకా చేన్లో నడుం వంచి ఇంటికొచ్చినోళ్లు మళ్లీ నీ హాలుకొచ్చి కుర్చీలో కూచుంటరా? సంక్రాంతి దాటనియ్యి.

పాలమూరు బస్సు
ఆదివారం, రాత్రి 11:15

నాకైతే ఉపన్యాసాలు ఎక్కువై ఉంటాయనిపిస్తోంది. మా నారాయణపేట వైపు వలసల మీద ఇట్లాగే మీటింగ్ పెట్టారు ఒకసారి. ముంబై పోయి పదిహేనేళ్లు ఇటుకలు మోసినవాడు వెనక నిలబడ్డాడు, వలస గురించి పుస్తకం చదివినవాడు ముందు నలభై నిమిషాలు మాట్లాడాడు. కూలీలను తీసుకుపోయే గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఎట్లా కోస్తాడో ఆ వెనక నిలబడ్డవాడికే తెలుసు. మైకు ఆయన దాకా పోనే లేదు.

మందిరం మెట్లు
సోమవారం, ఉదయం 6:20

నేను రిటైరైన సేవకుణ్ణి. ముప్పై నాలుగేళ్లు పల్లె సంఘాల్లో పనిచేశాను. బాబూ, మనసులో మాట చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. నీళ్లన్నావు, అందరూ వచ్చారు. కులం అనగానే తగ్గారు. నీళ్ల దగ్గర తప్పు సర్కారుది. కులం దగ్గర తప్పు కొంత మనది. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, బీదవాడికి కాళ్ల దగ్గర చోటు ఇస్తున్నారని మందలింపు ఉంటుంది. ఆ భాగం మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. మా సంఘంలో రెండు కులాల వాళ్లున్నారు. ముప్పై నాలుగేళ్లలో ఆ రెండు కులాల మధ్య నేను జరిపించిన పెళ్లి ఒక్కటి. ఆ ఒక్కటీ పిల్లలు పారిపోయి వస్తే జరిగింది. అందుకే అంటున్నాను, విషయం చేదుగా ఉంటే జనం రారు.

గుట్టకింది ఊరు
సోమవారం, ఉదయం 8:02

అయ్యగారూ, మీరన్నది నిజమే కావచ్చు. కానీ కులం గురించి బాధ పడేవాళ్లే రాలేదు, అదీ నాకు అర్థం కానిది. పత్తి సంగతి కూడా ఆలోచించాను. పత్తి ఏరే వాళ్లే ఆదివారం పొద్దున ఆరాధనకు వస్తున్నారు, మంగళవారం రాత్రి ఉపవాస ప్రార్థనకు వస్తున్నారు.

జడ్చర్ల జంక్షన్
సోమవారం, మధ్యాహ్నం 1:40

నేను నర్సుని, నైట్ డ్యూటీ దిగి ఇప్పుడే చూస్తున్నా. తమ్ముడూ, నవంబర్ మీటింగ్ ఆడవాళ్ల పని మీద అన్నావు కదా. మాట్లాడింది ఎవరు? చాయ్ గ్లాసులు కడిగింది ఎవరు?

గుట్టకింది ఊరు
సోమవారం, మధ్యాహ్నం 1:58

అక్కా... మాట్లాడింది ముగ్గురు అన్నలు. గ్లాసులు స్త్రీల సమాజం వాళ్లు కడిగారు.

జడ్చర్ల జంక్షన్
సోమవారం, మధ్యాహ్నం 2:03

సరే. ఆ పదహారు మందిలో గ్లాసులు కడిగినోళ్లను లెక్కేశావా?

పాత కాగితం
సోమవారం, సాయంత్రం 5:30

కాస్త పాత సంగతి చెప్తాను, పనికొస్తే తీసుకోండి. మన వైపు మిషన్ల చరిత్ర చిత్రంగా ఉంటుంది. నల్లగొండలో 1890 ప్రాంతంలో మిషన్ స్టేషన్ పెట్టిన మెనోనైట్ బ్రదరెన్ (ఒక క్రైస్తవ శాఖ) దంపతులు రష్యా నుంచి వచ్చినవాళ్లు, అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద పనిచేశారు. మహబూబ్‌నగర్ బాప్టిస్టు స్టేషన్ 1937లో మెనోనైట్ బ్రదరెన్ చేతికి వచ్చింది. బడులు, హాస్టళ్లు, జడ్చర్ల ఆస్పత్రి అన్నీ ఆ వరసలోనివే. వాళ్లు చేసిన మేలు పెద్దది. అయితే అదంతా ఇచ్చే చేయి పైన, పుచ్చుకునే చేయి కింద ఉన్న పని. ఎదురెదురుగా కూర్చుని "నీ సంగతేంది" అని అడిగే అలవాటు మనకు అంతగా రాలేదు. గుట్టకింది ఊరు గారు చేస్తున్నది అందుకే కొత్తగా ఉంది. కొత్త పనికి జనం మెల్లగా అలవాటు పడతారు.

ఇంకో మాట. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతటా "నల్లగొండ టెక్నిక్" అని పేరు. పేరూ మనదే, వంగిన వీపులూ మనవే. ఆ పెద్దాయన ప్రశ్న నిన్నటి నుంచి నా తల్లోంచి పోవడం లేదు.

నిజం చెప్తా
సోమవారం, రాత్రి 9:11

ఎవరూ అనరు కాబట్టి నేనంటా. న్యాయం పేరు చెప్పి మతంలోకి లాగే ప్రోగ్రామ్ అని ఊళ్లో వాళ్లకు అర్థమై ఉంటుంది. ఆకలికి అన్నం పెట్టి మతం మార్చిన చరిత్రే కదా మొత్తం.

పాత కాగితం
సోమవారం, రాత్రి 9:40

మొత్తం అనకండి. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. వాళ్లు ఎందుకు వచ్చారన్నది వాళ్ల మనవళ్లను అడగండి. అన్నం కన్నా పక్కన కూర్చోబెట్టుకోవడం గురించే ఎక్కువ చెప్తారు.

తండా పోరి
మంగళవారం, ఉదయం 7:15

అన్నా, నేను నీ అక్టోబర్ మీటింగ్‌కు వచ్చిన. వెనక వరసలో గులాబి చున్నీ, గుర్తుందో లేదో. ఒక సంగతి ఎవరూ గమనించలేదు. ఆ రోజు వచ్చిన 19 మందిలో పన్నెండు, పదమూడు మంది తండాల నుంచి వచ్చినోళ్లమే. నవంబర్‌లో కూడా అంతే. టాపిక్ కులం, దళితవాడ నుంచి వచ్చినోళ్లు ముగ్గురో నలుగురో. అప్పుడే నాకు వింతగా అనిపించింది.

ఎర్రతాత
మంగళవారం, ఉదయం 10:30

సూర్యాపేట వైపు మాది. నాకు దేవుడితో పని లేదు గాని మీటింగులతో యాభై ఏళ్ల పని. ఒకటి అడుగుతా, సూటిగా చెప్పు. రెండో మీటింగ్‌లో తలుపు దగ్గర ఏమన్నా రిజిస్టర్ పెట్టినవా?

గుట్టకింది ఊరు
మంగళవారం, ఉదయం 10:41

పెట్టాం తాతా. మొదటిసారి డెబ్బై మంది వస్తే ఒక్కరి నంబరు కూడా మా దగ్గర లేకపాయె. వాట్సాప్ గ్రూపు చేద్దామని పొడుగాటి అట్ట రిజిస్టర్ కొన్నాం. పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోన్ నంబరు, సంతకం. యూట్యూబ్‌లో లైవ్ కూడా పెట్టాం. ఎందుకు?

ఎర్రతాత
మంగళవారం, ఉదయం 10:49

అదే. రజాకార్ల కాలంలో మా నాయన ఆంధ్ర మహాసభ సంఘం మీటింగులకు పోయేటోడు. పేర్లు రాసుకునేటోడు కనపడితే జనం జొన్నచేన్లకు మళ్లేదట. ఇప్పుడు రజాకార్లు లేరు. కానీ పేరు రాసుకునే కాగితం అంటే మనోళ్లకు భయం పోలేదు. ఎందుకో ఇక్కడ వకీళ్లుంటే చెప్పండి.

నల్లకోటు పాలమూరు
మంగళవారం, మధ్యాహ్నం 12:20

తాత చేయి సరిగ్గా నొప్పి ఉన్న చోటనే పెట్టాడు. మహబూబ్‌నగర్‌లో ప్రాక్టీస్ నాది, ఈ కేసులు చూస్తుంటాను కాబట్టి వివరంగా రాస్తా.

1950 ఆగస్టు 10న వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా అని ఒకటుంది. హిందూ మతం కాక వేరే మతం పాటించేవాళ్లను ఎస్సీగా లెక్కించరు అని దాని సారం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే. రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసేయమని 2007లోనే చెప్పింది. ఇదే విషయం మీద 2004 నుంచి సుప్రీంకోర్టులో కేసు నడుస్తోంది. దీన్ని పరిశీలించమని 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది.

ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి పోయినవాళ్లకు మన దగ్గర బీసీల్లో సీ గ్రూపు, అంటే బీసీ–సీ. ఎస్సీకి 15 శాతం రిజర్వేషన్ ఉన్నచోట బీసీ–సీకి 1 శాతం. నకిరేకల్, తుంగతుర్తి, అచ్చంపేట, అలంపూర్ లాంటి రిజర్వు సీట్లలో పోటీ చేయలేరు. అంతకన్నా పెద్ద దెబ్బ, కులం పేరు పెట్టి తిట్టినా కొట్టినా ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసు నిలబడటం కష్టం. అందుకే చర్చికి వచ్చే కొందరు సర్టిఫికెట్‌లో ఇంకా హిందూ ఎస్సీగానే ఉన్నారు. కుల సర్టిఫికెట్ల 1993 చట్టం ప్రకారం ఎవరైనా ఫిర్యాదు చేస్తే కలెక్టర్ విచారణ జరిపి సర్టిఫికెట్ రద్దు చేయవచ్చు.

ఆ విచారణలో సాక్ష్యంగా ఏం తెస్తారనుకున్నారు? బాప్తిస్మ రిజిస్టర్, పెళ్లి రిజిస్టర్, ఫొటోలు. 2024 నవంబర్‌లో పుదుచ్చేరి అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు ఆమె బాప్తిస్మాన్ని, క్రమం తప్పకుండా చర్చికి పోవడాన్ని లెక్కలోకి తీసుకునే ఎస్సీ సర్టిఫికెట్ కుదరదన్నది. ఆ వార్త వాట్సాప్‌లో తిరగని వాడ లేదు. అట్లాంటి సమయంలో చర్చి గుమ్మం దగ్గర తండ్రి పేరు, ఊరు, సంతకం అడిగారు మీరు. లైవ్ కూడా పెట్టారు.

తండా చెల్లె చూసింది ఇదే. ఎస్టీ హోదాకు మతంతో సంబంధం లేదు. లంబాడా మనిషి ఏ దేవుణ్ణి మొక్కినా ఎస్టీయే. వాళ్లకు ఆ రిజిస్టర్ ఉత్త కాగితం.

తండా పోరి
మంగళవారం, మధ్యాహ్నం 12:34

అవునన్నా. నేను నా పేరు, మా నాయన పేరు పెద్ద అక్షరాలతో రాసిన. నా వెనక ఒక అక్క పెన్ను పట్టుకుని చానాసేపు నిలబడి, ఫోనొచ్చినట్టు చేసి బయటికి పోయింది. మళ్లీ రాలేదు.

గుట్టకింది ఊరు
మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఇందాకటి నుంచి మళ్లీ మళ్లీ ఇదే చదువుతున్నా. ఇది నాకెందుకు తట్టలేదో కూడా చెప్పాలి. మా తాత సువార్తికుడు. మా ఇంట్లో మొదటి నుంచీ బీసీ–సీయే. నా సర్టిఫికెట్‌లో దాచుకునేది ఏం లేదు. నా పక్కన పాటలు పాడే వాళ్లందరికీ అట్లాగే అనుకున్నా. ఇరవై ఎనిమిదేళ్లుగా ఒకే బెంచీ మీద కూర్చుంటున్నాం, ఒక్కసారి కూడా ఈ మాట మా మధ్య రాలేదు.

నిజం చెప్తా
మంగళవారం, సాయంత్రం 6:45

అంటే చర్చిలో ఒకటి, మీసేవలో ఒకటి. రెండు పడవల మీద కాళ్లు. మరి ఇది న్యాయమా? హిందూ ఎస్సీల వాటా పోవట్లేదా? నేను ద్వేషంతో అడగడం లేదు, ఇది కూడా సామాజిక న్యాయం ప్రశ్నే కదా.

జడ్చర్ల జంక్షన్
మంగళవారం, రాత్రి 7:30

అడగాల్సిన ప్రశ్నే. నాకు తెలిసిన ఇంటి మాట చెప్తా. మా అమ్మకు బాప్తిస్మం అయినప్పుడు కొత్త పేరు పెట్టారు. చర్చిలో అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. ఊరి హోటల్లో మాత్రం ఆమెకు చాయ్ పోసే గ్లాసు చూరు కిందనే ఉండేది, తాగి కడిగి అక్కడే పెట్టాలి. గ్లాసు పెట్టినవాడు నువ్వు ఏసును మొక్కుతావా, ఎల్లమ్మను మొక్కుతావా అని అడగలేదు. బాప్తిస్మంతో పాటు ఆ గ్లాసు కూడా మారి ఉంటే మీ ప్రశ్నకు నేనే తల ఊపేదాన్ని.

కొత్తకోట చాయ్
మంగళవారం, రాత్రి 8:05

అక్క గ్లాసు సంగతి చెప్పింది, నేను హోటల్ నడిపేవాణ్ణి కాబట్టి సిగ్గనిపించింది. మా అబ్బాజాన్ కాలంలో మా హోటల్లో కూడా ఉండేవి. నేను వచ్చాక తీసేసిన. మాలో కూడా పాకీ పని చేసిన కుటుంబాలున్నాయి, పెళ్లి సంబంధాలప్పుడు వాళ్ల ఇంటి పేరు ఎత్తితే మాట మారుస్తారు. నమాజులో పక్కపక్కన నిలబడతాం, అది నిజం. నమాజు అయినంక సంగతి కూడా మసీదులో ఎవరన్నా ఇట్లా కూర్చుని మాట్లాడితే బాగుండు.

మందిరం మెట్లు
బుధవారం, ఉదయం 5:55

రాత్రి నిద్ర పట్టలేదు. ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ పేరు లేదు కాబట్టి రాస్తున్నాను.

ప్రతి సంఘంలో బాప్తిస్మ రిజిస్టర్ ఇనప బీరువాలో ఉంటుంది. నా సేవలో ముగ్గురు వేర్వేరు ఊళ్లలో రాత్రిపూట వచ్చి, "అయ్యగారూ, మా పేరు కొట్టేయండి" అని అడిగారు. ఒకాయనకు టీచరు ఉద్యోగం వచ్చింది. ఒకామె సర్పంచికి నామినేషన్ వేయబోతోంది, ఊరు రిజర్వు అయింది. మూడో అబ్బాయి గొడవలో దెబ్బలు తిని కేసు పెట్టాడు, అవతలి వకీలు చర్చి రిజిస్టర్ తెప్పిస్తానన్నాడట. ముగ్గురూ మరుసటి ఆదివారం మామూలుగా ఆరాధనకు వచ్చారు. విశ్వాసం కొట్టేయమని వాళ్లు అడగలేదు. సిరా కొట్టేయమన్నారు.

నేను కొట్టేయలేదు. సంఘ ఆస్తి, నా చేతిలో లేదన్నాను. ఆ తర్వాత మాత్రం బాప్తిస్మాలు రాసేటప్పుడు ఇంటిపేరు, తండ్రి పేరు వదిలేసి కొత్త పేరు ఒక్కటే రాయడం మొదలుపెట్టాను. తప్పో ఒప్పో తెలియదు. విషయం చేదు కాబట్టి జనం రారని మొన్న రాశాను. అది వెనక్కి తీసుకుంటున్నాను బాబూ.

నల్లకోటు పాలమూరు
బుధవారం, ఉదయం 9:10

అయ్యగారికి నమస్కారం. నా దగ్గరికి వచ్చే జంటలు కూడా ఇంతే. చర్చిలో పెళ్లి, ఊళ్లో భోజనాలు, రిజిస్ట్రేషన్ మాత్రం హిందూ వివాహ చట్టం కింద. ఇంకోటి, ఈ మధ్య భయం పెరగడానికి కారణం కూడా ఉంది. 2024 నవంబర్‌లో ఇంటింటి సర్వేకు వచ్చినవాళ్లు కులం పక్కనే మతం అడిగారు. 2025 ఏప్రిల్ 14 నుంచి వర్గీకరణ అమల్లోకి వచ్చింది, ఎస్సీల్లో మూడు గ్రూపులు, 1, 9, 5 శాతం. పిల్లల అడ్మిషన్ల కోసం సర్టిఫికెట్లు మళ్లీ చేతిలోకి వచ్చాయి. బీరువాలో పడి ఉన్న కాగితం గురించి ఎవరూ ఆలోచించరు. చేతిలోకి వచ్చినప్పుడే భయం.

నిజం చెప్తా గారి వాటా ప్రశ్నకు ఒక మాట. ఆ వాదన సుప్రీంకోర్టు ముందూ ఉంది, కమిషన్ ముందూ ఉంది. చిన్నది కాదు. దాన్ని కూడా ఆ హాల్లో పెట్టండి. హిందూ ఎస్సీ అన్నలను పిలిచి వినండి.

నిర్వాహకుడు
బుధవారం, ఉదయం 9:30

మనవి. ఎవరి ఊరు, చర్చి పేరు గుర్తుపట్టేలా రాయకండి. నిన్న రాత్రి ఒక పోస్టు తీసేశాను.

పాలమూరు బస్సు
బుధవారం, మధ్యాహ్నం 3:00

డిసెంబర్ మీటింగ్ ఎట్లా చేద్దామనుకుంటున్నావు తమ్మీ? మైకు వద్దు. మైకు ఉంటే మైకు ఇష్టపడేవాడే మాట్లాడుతాడు.

ఎర్రతాత
బుధవారం, సాయంత్రం 4:12

కుర్చీలు కూడా వద్దు. జంపఖానా పరువు. కుర్చీలో ముందు వరస ఉంటది, జంపఖానా మీద ఉండదు. ఆ మెడ తిరగని పెద్దమనిషికి ఒక్కటి వెయ్యి.

జడ్చర్ల జంక్షన్
బుధవారం, రాత్రి 9:20

చాయ్ మగవాళ్లు పెట్టాలి. ఇది సలహా కాదు, షరతు.

గుట్టకింది ఊరు
జనవరి మొదటి వారం, సోమవారం, రాత్రి 10:05

ఇన్ని రోజులు రాయనందుకు మన్నించండి. క్రిస్మస్ పనులు, ఆ వెంటనే కొత్త సంవత్సరం ఆరాధన.

డిసెంబర్ మీటింగ్ హాల్లో పెట్టలేదు. హాలు వెనక వేపచెట్టు కింద జంపఖానాలు పరిచాం. చలి ఉంది, నడిమధ్య నెగడు వేశాం. లైవ్ లేదు, మైకు లేదు, ఆటో ప్రచారం లేదు. పాత వీడియోలు రెండూ తీసేశాం. సంఘ పెద్దల్లో ఇద్దరు ఒప్పుకోలేదు. "ఎంతమంది వచ్చారో లెక్క లేకపోతే కమిటీకి ఏం చూపిస్తావు" అన్నారు. మనసులో లెక్కపెట్టుకున్నా, 41.

మొదటి గంట అంతా మామూలు మాటలే. నిజానికి కొంచెం బోరు కూడా. ధరలు, పత్తి తేమ, బస్సులు. చాయ్ నేనూ ఇంకో తమ్ముడూ పెట్టాం, చక్కెర ఎక్కువైంది, అక్కలు నవ్వారు. తర్వాత ఒకామె, పెన్ను పట్టుకుని నిలబడి వెళ్లిపోయినామే అనుకుంటున్నా, మెల్లగా అడిగింది: "మా పిల్లకు బడిలో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. నీ అసలు పేరేంది అని మొన్న టీచరు అడిగితే పిల్ల నా మొహం చూసింది. నేనేం చెప్పాలె?" ఎవరూ వాక్యం ఎత్తలేదు. మా అయ్యగారు కూడా. ఒక్కొక్కరు తమ రెండు పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. నేను పుట్టినప్పటి నుంచి "అన్నా" అని పిలిచే మనిషి బడి పేరు ఆ రాత్రి మొదటిసారి విన్నా. వాటా గురించి హిందూ ఎస్సీ అన్న ఒకాయన గట్టిగానే మాట్లాడాడు, కాస్త వేడెక్కింది. అది తెగలేదు. జనవరిలో మళ్లీ వస్తానన్నాడు.

మర్రిగూడ పెద్దాయన వచ్చాడు. కుర్చీ వేశాం. మట్టి నేల కాబట్టి ఈసారి కీచుమనలేదు.

నల్లకోటు పాలమూరు
సోమవారం, రాత్రి 10:30

సంతోషం. ఒక్కటి మర్చిపోయావు తమ్ముడూ. అక్టోబర్, నవంబర్ రిజిస్టర్ ఎక్కడుంది?

గుట్టకింది ఊరు
సోమవారం, రాత్రి 10:38

పేర్లున్న రెండు పేజీలు చించి చాయ్ పొయ్యిలో పెట్టినం అన్నా, అందరి ముందే. మిగతాది ఖాళీగా ఉందని స్త్రీల సమాజం వాళ్లు చిట్టీల లెక్క రాసుకుంటామని పట్టుకపోయిండ్రు.